బెత్తెడు తాడు

సాగరమెట్ట రేవులో ఒక గురువారం మధ్యాహ్నం క్రేనుకు వేలాడుతున్న ఇనుప దూలాల కట్ట ఊగుతూ వచ్చి, లారీ పక్కన నిలబడి చేతులతో సైగలు చేస్తున్న గంగరాజును కొట్టింది. అతని కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. మర్నాడు డాక్టర్లు ఆ కాలు తీసేశారు.

క్రేను నడిపింది నూకరత్నం. ఇరవై మూడేళ్ల పిల్ల. చేపల వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, ఆ రేవులో క్రేను ఎక్కిన మొదటి ఆడపిల్ల. దూలాలు పైకి లేచినప్పుడు కొద్దిగా ఊగుతున్నాయి. ఆ ఊపు ఆపడానికి ఆమె తనకు వచ్చిన పనే చేసింది. ఊపు ఆగకపోగా పెరిగింది. నిమిషం తిరిగేసరికి రెట్టింపయింది. గంగరాజు పక్కకు తప్పుకునే లోపే అంతా అయిపోయింది.

ఈ కబురు కాకినాడలో ఉన్న డాక్టర్ కుముదినికి రెండు దారుల్లో చేరింది. ఒకటి, ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం ఉత్తరం. రెండోది నూకరత్నమే.

కుముదిని ‘ఎరుక’ తొడుగును కనిపెట్టిన మనిషి. చూడ్డానికి అది పలచటి చేతి తొడుగు. దాన్ని వేసుకున్న పిల్ల చందమామ మీద రాయి విసరగలదు, ఆ రాయి ఎంత తేలిగ్గా లేస్తుందో అరచేతిలో తెలుసుకోగలదు. రెండు అయస్కాంతాల మధ్య ఖాళీలో వేళ్లు పెట్టి ఆ లాగుడును తడిమి చూడగలదు. సమీకరణం చూస్తే జ్వరం వచ్చే పిల్లలు ఎరుకతో భౌతికశాస్త్రాన్ని ఆటలా నేర్చుకున్నారు. పదకొండేళ్లలో అది రాష్ట్రంలోని ప్రతి బడికీ చేరింది. భౌతికశాస్త్రం పుస్తకాల్లోంచి ముందు కష్టమైన లెక్కలు పోయాయి, తర్వాత సులువైనవి పోయాయి, చివరికి సమీకరణాలే పోయాయి. చేతికి తెలిసినదాన్ని మళ్లీ కాగితం మీద ఎందుకు రాయాలని అందరూ అడిగారు. కుముదినీ అడిగింది.

నూకరత్నం మొదటి జట్టు పిల్లల్లో ఒకతె. ఎరుకతో ఆమెను మించిన చెయ్యి లేదని కుముదిని ప్రయోగశాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తొడుగు వేసుకుని నవ్వుతున్న పదమూడేళ్ల నూకరత్నం ఫొటో వాళ్ల ప్రచార పత్రాల మీద ఉండేది.

ఇప్పుడు ఆ పిల్ల కుముదిని ఎదుట కుర్చీ అంచున కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నేను అజాగ్రత్తగా ఉన్నానంటన్నారండి. ఒట్టండి మేడంగారూ, నా సెయ్యి ఏం సెప్పిందో అదే సేసాను. సరుకు మధ్యకొచ్చినప్పుడు తాడు బరువెక్కుద్ది కదండీ, అప్పుడు బెత్తెడు పైకి లాగాలి. ఆ కొసకీ ఈ కొసకీ వెళ్లినప్పుడు తేలికౌద్ది, అప్పుడు బెత్తెడు వదలాలి. అలా సేస్తే ఊపు సచ్చిపోద్ది. మీ తొడుగులో వెయ్యిసార్లు సేసానండి.”

“అవునమ్మా. నువ్వు చేసింది సరైనదే,” అంది కుముదిని.

“మరి గంగరాజు బాబాయికి కాలెందుకు పోయిందండీ?”

కుముదిని విచారణ సంఘం ఉత్తరం తీసి మళ్లీ చదివింది.

విచారణ సంఘం అడిగింది చిన్న విషయమే. ఎరుక నేర్పిన పద్ధతి సరైనదని ఆమె ధ్రువీకరించాలి. అలా ధ్రువీకరిస్తే తప్పు నూకరత్నానిది అవుతుంది. లైసెన్సు పోతుంది, కేసు నడుస్తుంది.

ఆ సాయంత్రం కుముదిని స్వయంగా తొడుగు వేసుకుంది. తొడుగు సృష్టించిన పది మీటర్ల తాడు, దాని చివర బరువు. ఊపు మొదలుపెట్టింది. బరువు తెలిసినప్పుడు లాగింది, తేలికైనప్పుడు వదిలింది. ఊపు నెమ్మదిగా తగ్గి ఆగిపోయింది. ఆమె సహాయకుడు ఫణీంద్ర కూడా చేసి చూశాడు. ప్రయోగశాలలో ఉన్న తొమ్మిదిమందీ చేశారు. అందరి చేతిలోనూ ఊపు చచ్చిపోయింది.

ఫణీంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. “మన తొడుగులో తప్పేం లేదు మేడం. ఆ అమ్మాయే కంగారుపడి ఉంటుంది.”

రేవు నుంచి వచ్చిన క్రేను రికార్డు బల్ల మీద ఉంది. తాడు ఏ క్షణంలో ఎంత పొడవుందో, సరుకు ఎంత దూరం ఊగిందో అందులో గీతలుగా పడింది. కుముదిని ఆ గీతల్ని చాలాసేపు చూసింది. నూకరత్నం చెయ్యి వణకలేదు. ప్రతిసారీ మధ్యలో బెత్తెడు లాగింది, కొసల్లో బెత్తెడు వదిలింది, తొడుగులో చేసినట్టే. అయినా ప్రతిసారీ ఊపు మునుపటికంటే కాస్త పెరిగింది.

చెయ్యి ఒకటి చెబుతోంది, రికార్డు మరొకటి చెబుతోంది. ఎవరిది నిజమో తేల్చే మూడో సాక్షి కావాలి. అది సమీకరణమే. కుముదిని తెల్లకాగితం తీసుకుని పైన ఒక చుక్క, కింద ఒక గుండు, మధ్యలో గీత గీసింది. అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు ఇలాంటివి బస్సులో కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని చేసేది. పదిహేనేళ్లుగా ముట్టుకోలేదు. చెయ్యి అన్నీ చెబుతుంటే బుర్రకు పని లేకపోయింది. తాడు పొడవు మారకుండా ఉంటే ఏమవుతుందో ఎలాగో రాసింది. పొడవు కూడా మారుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఫణీంద్రనీ మిగతావాళ్లనీ అడగడం దండగ. వాళ్లు ఎరుకతోనే చదువుకున్నవాళ్లు.

ఆమెకు మస్తాన్ వలీ మేష్టారు గుర్తొచ్చారు.

పిఠాపురంలో ఇంటర్ చదివినప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు ఆయన రైల్వేస్టేషను దగ్గర ఒక మేడ మీద, రెండో అంతస్తులో ఉంటున్నారు. తలుపు తీసిన ఆయన భార్య జులేఖా బీ, “ఎవరమ్మా?” అంది. లోపలి నుంచే మేష్టారి గొంతు వినిపించింది. “కుముదిని. ఆ నిలబడే తీరు చూస్తే తెలీట్లేదూ? లెక్క తప్పినప్పుడల్లా గుమ్మంలో అలాగే నిలబడేది.”

కుముదిని నవ్వబోయి నవ్వలేకపోయింది. టీ తాగుతున్నప్పుడు, “ఎప్పుడు రిటైరయ్యారు మేష్టారూ?” అని అడిగింది.

“నాలుగేళ్లయింది. ఆఖరి రెండేళ్లూ పాఠ్యపుస్తకాల గోడౌనులో చేశాను. లెక్కల పీరియడ్లు తగ్గాయి కదా, మమ్మల్ని మిగులు కింద చూపించారు.” ఆమె ముఖం చూసి ఆయన మాట మార్చారు. “చదువుకోడానికి పుస్తకాలకి లోటు లేదులే అక్కడ. వచ్చిన పని చెప్పు.”

ఆమె అంతా చెప్పింది. కాలు పోయిన మనిషి గురించి, నూకరత్నం గురించి, తొమ్మిదిమంది చేతుల గురించి. చివరికి, “మీరు ఈ లెక్క చేసి ఇస్తే విచారణకి పట్టుకెళ్తాను,” అంది.

మేష్టారు తల అడ్డంగా ఊపారు. “నేను చేసి ఇచ్చాననుకో, నీకు అది మరో తొడుగే అవుతుంది. నేను చెప్పాను కాబట్టి నమ్ముతావు. వాళ్లు రేపు ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్తావు? కూర్చో. నువ్వే చెయ్యి.”

మూడు రోజులు పట్టింది. కుముదిని పొద్దున్నే రైలెక్కి వచ్చేది, సాయంత్రం వెళ్లేది. మొదటి రోజంతా పాత సూత్రాలు తవ్వుకోవడంతోనే సరిపోయింది. నలభై ఐదేళ్ల మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్లలు చేసే తప్పులన్నీ చేసింది. మేష్టారు తప్పు దిద్దేవారు కాదు. తప్పు ఉన్న లైను మీద వేలు పెట్టి ఊరుకునేవారు. రెండో రోజు మధ్యాహ్నం ఆమె పెన్ను విసిరేసింది.

“నాకిక రాదు మేష్టారూ. పోయింది.”

“పోలేదు. తుప్పు పట్టింది. రెండిటికీ తేడా ఉంది,” అన్నారాయన. “తాడు పొడవు మారుతోంది, ఊగే కోణం మారుతోంది. రెండు మారుతుంటే ఒకదానికే లెక్క కట్టి రెండోదాన్ని వదిలేస్తున్నావు. వదలకు.”

మూడో రోజు పదకొండు గంటలకు ఆమె వదలకుండా రాసింది. సమీకరణంలో అంతకుముందు లేని ఒక పదం వచ్చింది. తాడు పొట్టి అయ్యే వేగం, సరుకు ఊగే వేగం అందులో ఒకదాన్నొకటి గుణించుకుంటూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

మేష్టారు అడిగారు. “సరుకు ఎక్కడున్నప్పుడు ఎక్కువ వేగంగా ఊగుతుంది?”

“మధ్యలో.”

“అక్కడ తాడు లాగితే?”

“గుర్తు... ఊపుకు తోడు పడే వైపుంది. ఊపు పెరుగుతుంది.”

“కొసల్లో వదిలితే? అప్పుడు తగ్గాలి కదా?”

ఆమె పదం వంక చూసింది. “కొసల్లో సరుకు ఒక క్షణం ఆగుతుంది. వేగం సున్నా. సున్నాతో గుణిస్తే... అక్కడ తాడు వదిలినా ఏమీ తగ్గదు. మధ్యలో ఇచ్చింది కొసల్లో తిరిగి తీసుకోవడం లేదు.” ఆమె పెన్ను కింద పెట్టింది. “మేష్టారూ, ఆ పిల్ల ప్రతి ఊపుకీ దానికి బలం పోసింది. ఆపుతున్నాననుకుని ఎగదోసింది.”

బెత్తెడు తాడుకి ఎంత పెరుగుతుందో కూడా కట్టింది. ఒక ఊపుకి నూటికి ఆరు పాళ్లు. పన్నెండు ఊపులకు రెట్టింపు. పది మీటర్ల తాడుకు అది ఒక్క నిమిషం పైచిలుకు. రేవు రికార్డులో గీత అదే చెప్పింది.

జులేఖా బీ కూరగాయల బుట్టకు తాడు కట్టి బాల్కనీలోంచి కిందికి దించడం ఆమె అప్పుడే చూసింది. వెళ్లి, “అమ్మగారూ, ఒక్కసారి నాకివ్వండి,” అని తాడు అందుకుంది. బుట్టను కొంచెం ఊపింది. మధ్యకు వచ్చినప్పుడు లాగింది, కొసల్లో వదిలింది. పది ఊపులు తిరక్కుండానే బుట్ట మొదటి అంతస్తు వాళ్ల కిటికీ రెక్కను ఢాంమని కొట్టింది. లోపలి నుంచి ఎవరో తిట్టారు.

“బరువు తెలిసినప్పుడు లాగుతారా ఎవరన్నా?” అంది జులేఖా బీ తాడు లాక్కుంటూ. “ఊగుతుంటే ముట్టుకోకూడదమ్మా. ఆగనివ్వాలి.”

కుముదిని కిందికి వంగి బుట్టను చూసింది. నిజం బుట్ట నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది తన తొడుగు.

ఆ రాత్రి ప్రయోగశాలలో, అది ఎక్కడ అబద్ధమాడిందో వెతకడానికి ఆమెకు అరగంట కూడా పట్టలేదు. ఏం వెతకాలో ఇప్పుడు తెలుసు. ఎరుకకు ప్రాణం పోసే ప్రోగ్రాంలో ఒక చిన్న సంఖ్య ఉంది. దాని పేరు ‘జోల’. పేరు పెట్టింది ఆమే. తొలిరోజుల్లో తుని బడిలో పరీక్షించినప్పుడు, ఆగకుండా ఊగే బరువును పట్టుకుని చిన్నపిల్లలు తల తిరిగి వాంతులు చేసుకున్నారు. ఒక పాప భయంతో తొడుగు విసిరికొట్టింది. పిల్లల మీద జాలితో కుముదిని ప్రతి ఊపునూ నూటికి పది పాళ్లు తగ్గించే సంఖ్యను చేర్చింది. వాంతులు ఆగాయి. ఆ సంగతి అందరూ మర్చిపోయారు. చేతి లాగుడు ఆరు పాళ్లు పెంచితే జోల పది పాళ్లు తగ్గించేది. తప్పు పని చేసినా ఊపు చచ్చిపోయేది. వెయ్యిసార్లు అలా చచ్చిపోయాక ఏ చెయ్యి మాత్రం అది సరైన పనని నమ్మదు?

ఫణీంద్ర తెర మీద ఆ సంఖ్యను చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “అప్‌డేట్ పంపిద్దాం మేడం. జోల తీసేద్దాం. ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు. అరవై వేల తొడుగులు బడుల్లో ఉన్నాయి. ఇది బయటపడితే ఎరుక ఉండదు. మీరూ ఉండరు.”

“నూకరత్నం ఉంటుంది కదా,” అంది కుముదిని.

విచారణ సంఘం ముందు ఆమె తొడుగు తీసుకెళ్లలేదు. నల్లబల్ల అడిగింది. గంటన్నర సేపు మొదటి గీత నుంచి చివరి పదం దాకా రాసింది. ఒక ఇంజనీరు రెండుచోట్ల అడ్డుపడ్డాడు. రెండుచోట్లా జవాబు చెప్పింది. చివరికి, “ఈ అమ్మాయి నేను నేర్పినట్టే చేసింది. నేను నేర్పింది తప్పు. జోల చేర్చింది నేను, దాన్ని లెక్కతో సరిచూడనిది నేను,” అంది. నూకరత్నం మీద కేసు పోయింది. నెల తిరక్కుండా బడుల నుంచి తొడుగులన్నీ వెనక్కి వచ్చాయి. కుముదినిని ప్రయోగశాల డైరెక్టరు పదవి నుంచి తప్పించారు. తమ పిల్లలు మళ్లీ భౌతికశాస్త్రమంటే భయపడుతున్నారని తల్లిదండ్రులు కోపంగా ఉత్తరాలు రాశారు. ఆమె వాటిలో ప్రతిదానికీ జవాబు రాసింది.

గంగరాజును చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లింది. తనెవరో చెప్పి, జరిగింది చెప్పి, క్షమించమని అడిగింది. అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. “ఆ పిల్లని కూడా రావొద్దని చెప్పండి,” అన్నాడు.

తర్వాత ఆమె పిఠాపురం వెళ్లింది. “మేష్టారూ, రేవులో ఎరుకతో చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఇంకా జోల ఉంది. నేను చెబుతాను, మీరు పక్కనుండాలి.”

“నేనెందుకు?”

“నేను తప్పు రాస్తే వేలు పెట్టడానికి.”

ఆదివారం ఉదయాల్లో రేవు క్యాంటీనులో పాఠం మొదలైంది. ముందు కాగితం మీద ఏమవుతుందో కట్టాలి. ఆ తర్వాతే తాడు పట్టుకోవాలి. చెయ్యి, లెక్క ఒకే మాట చెప్పేదాకా ఇంటికి వెళ్లకూడదు. కొందరు రెండు వారాలకే మానేశారు. నూకరత్నం మానలేదు. భిన్నాల దగ్గర్నుంచి మొదలుపెట్టి పళ్లు బిగించి కూర్చునేది. “ఇది ముందే ఎవరన్నా నేర్పుంటేనా,” అని ఒకసారి మేష్టారితో అంది. ఆ మాట కుముదిని విని తలదించుకుంది.

నాలుగో నెలలో ఒక ఆదివారం గంగరాజు కొత్త కాలుతో, చేతికర్రతో క్యాంటీను మెట్లు ఎక్కి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. అతను నూకరత్నం వైపు చూడలేదు. మేష్టారి దగ్గరకు వెళ్లి, “నా కాలు తీసుకుపోయిందేదో ఈ బల్ల మీద రాస్తన్నారంటండి. చూద్దారని వచ్చాను,” అన్నాడు.

“చూడొచ్చు. ఎంత చదివారు?”

“తొమ్మిది.”

“అయితే కొంచెం దూరం నడవాలి. నడుస్తారా?”

“ఒంటికాలితో ఇంత దూరం వచ్చాను కదండీ,” అన్నాడు గంగరాజు.

ఏడు నెలలు నడిచాడు. ముందు బెంచీలో ఎడమ కొసన అతను, వెనక బెంచీలో కుడి కొసన నూకరత్నం. ఒక్క మాట లేదు. ఆమె టీ తెచ్చి అతని ముందు పెడితే పక్కవాడికి జరిపేసేవాడు. ఇంట్లో అతని కూతురు పాఠాలు చెప్పేదట. “మా నాన్నకి ఇప్పుడు రేడియో అక్కర్లేదండి, ఆ పుస్తకమే,” అని కుముదినితో అంది.

ఒక ఆదివారం అతను బల్ల దగ్గరకు వెళ్లి తనే మొత్తం రాశాడు. మూడుసార్లు ఆగాడు, ఒకసారి తుడిచాడు. చివరి లైనులో ఆ పదం వచ్చింది. సుద్దముక్కతో దాని కింద గీత గీశాడు.

“ఇదేనాండీ?”

“ఇదే,” అన్నారు మేష్టారు.

గంగరాజు సుద్దముక్క కింద పెట్టాడు. “ఇన్నాళ్లూ ఒకరోజు నా తలరాత అనుకున్నానండి, ఒకరోజు ఆ పిల్ల తల పొగరనుకున్నాను. రెండూ కాదు. ఎవరు క్రేను మీదున్నా ఇది ఇలాగే వచ్చేది.” చేతికర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి మేష్టారికి దణ్ణం పెట్టాడు. “చూపించారు. చాలండి.”

మేష్టారు ఆ చేతులు పట్టుకుని కిందికి దించారు. కుముదిని కిటికీ వైపు తిరిగింది. తను ఇంటర్లో ఉన్నప్పుడు ఈ మనిషికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టి ఉండాలో, ఒక్కసారైనా పెట్టలేదని ఆమెకు తోచింది.

“ఇప్పుడు గుర్తు మార్చి చూడండి,” అన్నారు మేష్టారు. “మధ్యలో లాగకుండా వదిలితే?”

గంగరాజు మార్చాడు. బరువు తెలిసినప్పుడు వదలాలి, తేలికైనప్పుడు లాగాలి. అప్పుడు ఊపుకు ఉన్న బలం కొంచెం కొంచెంగా తాడులోంచి బయటికి పోతుంది. ఏ చెయ్యీ తనంతట తాను చెప్పని సంగతి అది. “మరి మా సైగల వాళ్లకి ఇది ఎవరు చెప్తారండీ? కింద నిలబడేది మేమే కదా,” అన్నాడు.

“మీరే చెప్పండి,” అన్నారు మేష్టారు.

ఆ మరుసటి ఆదివారం తొమ్మిదిమంది సైగల వాళ్లు వచ్చారు. గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కుముదినీ మేష్టారూ వెనక బెంచీలో కూర్చున్నారు, నూకరత్నం వాళ్ల పక్కన. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కంగారులో తొందరగా రాస్తూ పోయాడు. మూడో లైనులో ఒక గుర్తు తిరగబడింది. అలాగే వెళ్తే చివర్లో ప్రాణాలు తీసే పద్ధతే సరైనదని తేలుతుంది. కుముదిని చూసింది. మేష్టారు కూడా చూశారు. ఇద్దరూ నోరు తెరవలేదు.

నూకరత్నం లేచి నిలబడింది.

“బాబాయ్, మూడో లైన్లో గుర్తు సూడండి.”

గంగరాజు వెనక్కి జరిగి చూశాడు. ఒక్కో లైనూ వేలితో తడుముతూ వచ్చి మూడో దాని దగ్గర ఆగాడు. అరచేత్తో తుడిచి గుర్తు సరిగ్గా రాశాడు. అప్పుడు తిరిగి, ప్రమాదం తర్వాత మొదటిసారి, ఆ పిల్ల ముఖంలోకి సూటిగా చూశాడు.

“బతికించావమ్మా,” అన్నాడు.